కొత్త సాఫ్ట్‌వేరుపై సభ్యుల మాట: సేకరించే సాధనాన్ని ఎంచుకోవడం ఎలా?

మన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలకు కంప్యూటరు కొత్త కాదు. కాటాపై పాత్ర పెట్టగానే తూకం, నమూనాను యంత్రంలో ఉంచగానే వెన్నశాతం, ఇతర ఘనపదార్థాల శాతం కంప్యూటరులోకి చేరి, రేటు కట్టి, చీటీ చేతికి వచ్చే పద్ధతి చాలా కేంద్రాలలో అమలులో ఉన్నది. ఇప్పుడు ఆ లెక్కలను అప్పటికప్పుడు యూనియన్ కార్యాలయానికి పంపే, సభ్యుని ఫోనుకు సందేశమిచ్చే, పాలబిల్లును బ్యాంకు ఖాతాకు జమచేసే సాఫ్ట్‌వేరులు కూడా వచ్చినవి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ సైతం పాల సేకరణ కోసం ఇటువంటి సాఫ్ట్‌వేరును పలు భాషలలో రూపొందించింది.

సాఫ్ట్‌వేరు అంటే యంత్రం ఏ పనిని ఏ వరుసలో చేయాలో చెప్పే ఆదేశాల సముదాయం. ఆ ఆదేశాలు రాసే నిపుణుడు తెల్లవారుజామున పాలకేంద్రం ముందు వరుసలో నిలబడి ఉండడు. కరెంటు పోయిన సాయంత్రం, వానలో తడిసిన చీటీ, ఒకే ఇంటి నుండి రెండు పాత్రలలో వచ్చే ఆవుపాలు, గేదెపాలు అతని లెక్కలో ఉండకపోవచ్చును. కనుక ఆ సాఫ్ట్‌వేరు ఎక్కడ తడబడుతున్నదో చెప్పవలసినవారు దానిని రోజూ వాడే మనవారే. వారి మాట నిపుణుని వరకు చేరాలంటే ఒక సాధనం కావాలి. అది పుస్తకమా, పెట్టెనా, ఫోనా, వాట్సాపా, లేక ఇంటింటికీ వెళ్లి అడగడమా అన్నది ప్రతి సంఘమూ ఆలోచించి నిర్ణయించుకోవలసిన విషయం. ఆ నిర్ణయానికి ఉపయోగపడే అంశాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

అడగవలసిన అవసరం ఏమిటి?

గర్బరు పద్ధతిలో వెన్న పరీక్ష చేసే రోజులలో సభ్యుడు తన కంటితో చూడగలిగింది చాలా ఉండేది. గాజుగొట్టంలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు పోసి, యంత్రంలో పెట్టి తిప్పి, గీతల మధ్య తేలిన వెన్న పొరను బట్టి శాతం చదివేవారు. అనుమానం వచ్చిన సభ్యుడు ఆ గొట్టాన్ని వెలుగులో పట్టుకుని తానూ చదువుకోగలిగేవాడు. ఇప్పుడు ఆ అంకె యంత్రం లోపల తయారై, సాఫ్ట్‌వేరులో డబ్బుగా మారి, చీటీపై అచ్చవుతున్నది. పని వేగం పెరిగింది. ఆమ్లంతో ప్రమాదం తప్పింది. చేతిరాత తప్పులు తగ్గినవి. అయితే మధ్యలో ఏమి జరిగిందో చూసే వీలు సభ్యునికి లేదు. అందుచేత అతనికి అడిగే వీలైనా ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోల బరువు తూగుతవి. అంటే 10 లీటర్ల పాలు కాటాపై 10.3 కిలోలుగా కనిపించాలి. రేటు లీటర్లలో ఉన్న చోట సాఫ్ట్‌వేరు ఆ బరువును 1.03తో భాగించి లీటర్లు చేస్తుంది. కాని కొన్ని కాటాలను ముందే లీటర్లు చూపేలా అమర్చి ఉంచుతారు. ఆ సంగతి తెలియని సాఫ్ట్‌వేరు మరొకసారి భాగిస్తే 10 లీటర్లు 9.71 లీటర్లవుతవి. రోజుకు 10 లీటర్లు పోసే సభ్యునికి నెలకు సుమారు 8.7 లీటర్లు లెక్కలోకి రావు. లీటరు ధర 60 రూపాయలనుకుంటే నష్టం నెలకు 520 రూపాయలు దాటుతుంది. భాగించవలసిన చోట అసలు భాగించకపోతే అంత నష్టమూ సంఘానికి వస్తుంది.

ఇటువంటి తప్పు కావాలని ఎవరూ చేసినది కాదు. ఒక చిన్న అమరిక వలన వచ్చినది. ఆవుపాలకు, గేదెపాలకు పాల పరీక్షా యంత్రంలో వేర్వేరు అమరికలు ఉంటవి. ఒకదానికి బదులు మరొకటి ఎంచుకుంటే శాతాలు మారిపోతవి. సభ్యత్వ సంఖ్య 36కు బదులు 63 నొక్కితే ఒకరి పాలు మరొకరి ఖాతాలో పడతవి. ఇవన్నీ సరిదిద్దగలిగినవే. కాని ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పిన మాట నిలవాలి. చెప్పుకునే దారి కనబడని సభ్యుడు సంఘంతో తగాదా పడడు. రెండు పక్షాలు చూసి, మూడవ పక్షం నుండి పాలు ప్రైవేటు వ్యాపారికి పోస్తాడు. సంఘానికి కలిగే అసలు నష్టం అదే.

ఎవరిని అడగాలి? ఏమి అడగాలి?

సాధనం సంగతి చూసేముందు ఈ రెండు ప్రశ్నలకు పాలకవర్గం సమాధానం రాసి పెట్టుకోవాలి.

సాఫ్ట్‌వేరును వాడేవారు ఒక్కరు కారు. మొదటివారు పాలు పోసే సభ్యులు. వీరు కంప్యూటరును ముట్టరు. వీరికి తెలిసింది కాటా మీది అంకె, చీటీ, ఫోను సందేశం, బ్యాంకులో పడిన డబ్బు. రెండవవారు పరీక్షకుడు, కార్యదర్శి. వీరు రోజుకు రెండు పూటలా ఆ తెర ముందే కూర్చుంటారు. మూడవవారు యూనియన్ సూపర్‌వైజరు, లెక్కల విభాగం. ఒకే సాధనం ఈ ముగ్గురికీ సరిపోవాలని పట్టుబట్టడం వలననే చాలాచోట్ల అభిప్రాయ సేకరణ మూలపడుతున్నది.

వచ్చే మాటలు కూడా మూడు రకాలుగా ఉంటవి. “నా పాలు తక్కువ పడినవి” అన్నది తప్పును గురించిన ఫిర్యాదు. “చీటీలో అంకెలు కనబడడం లేదు, సందేశం ఇంగ్లీషులో వస్తున్నది” అన్నది వాడుకలోని ఇబ్బంది. “దాణా బాకీ కూడా అదే చీటీలో చూపితే బాగుంటుంది” అన్నది కోరిక. ఫిర్యాదుకు ఆ బిల్లు గడువులోపలే పరిష్కారం కావాలి. ఇబ్బందిని నెలలో సవరించవచ్చును. కోరికను సాఫ్ట్‌వేరు తయారీదారుతో మాట్లాడి తరువాతి మార్పులలో చేర్పించాలి. మూడింటినీ ఒకే కుప్పలో వేస్తే కోరికల కింద ఫిర్యాదులు కనబడకుండా పోతవి.

సాధనాన్ని తూచే ఐదు ప్రశ్నలు

1. నోరు విప్పనివారు కూడా దీనితో చెప్పగలరా? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 67 శాతం, స్త్రీలలో సుమారు 59 శాతం. ఆ తరువాత చదువు పెరిగినా, పాలకేంద్రానికి వచ్చే పెద్ద వయసు స్త్రీలలో చదవడం రానివారు ఇంకా ఉన్నారు. మరొక సంగతి కూడా గమనించాలి. చాలా ఇళ్లలో గేదెలను చూసేది, పాలు పితికేది, పోసేది స్త్రీలు. సభ్యత్వమూ ఫోనూ ఇంటి యజమాని పేర ఉంటవి. ఫోనుకు వెళ్లిన ప్రశ్నకు జవాబిచ్చేవారు పాలకేంద్రం మెట్లు ఎక్కనివారు కావచ్చును.

2. మాటతో పాటు ఆధారం కూడా వస్తుందా? “లెక్క సరిగా లేదు” అన్న మాటతో నిపుణుడు ఏమీ చేయలేడు. తేదీ, పూట, సభ్యత్వ సంఖ్య, చీటీ సంఖ్య ఉంటే ఆ లెక్కను వెదికి చూడగలడు. చీటీ ఫోటో ఉంటే మరీ మంచిది. వేడికి అచ్చయ్యే కాగితంపై అంకెలు ఎండకు, కాలానికి వెలిసిపోతవి కనుక ఆధారం ఆ రోజే నమోదు కావాలి.

3. ఆ మాట ఎవరి చేతిలో పడుతుంది? పరీక్షను గురించిన ఫిర్యాదు పరీక్షకుని చేతికే వెళ్లే ఏర్పాటు ఉంటే ఎవరూ నోరెత్తరు. ఫిర్యాదు చూసేవారు, ఆ పని చేసేవారు వేరై ఉండాలి.

4. జవాబు తిరిగి వెళ్లే దారి ఉన్నదా? పేరు లేని కాగితానికి సమాధానం చెప్పలేము. పేరుతో చెప్పడానికి భయపడేవారి కోసం పేరు లేని దారి ఒకటి ఉంచవచ్చును. ఆ దారిలో వచ్చిన వాటికి నోటీసు బోర్డు మీద జవాబు రాయాలి.

5. నడిపే మనిషి ఉన్నాడా? ఖర్చు భరించగలమా? ఉచితంగా దొరికే సాధనానికి కూడా రోజూ చదివే మనిషి కావాలి. చదివే మనిషి లేని సాధనం ఎంత గొప్పదైనా అలంకారమే.

ఒక్కొక్క సాధనం: మేలు, లోటు

సలహాల పుస్తకం: ఖర్చు లేదు. కేంద్రంలోనే ఉంటుంది. కాని అందరి ముందు రాయాలి, రాయడం రావాలి. దీనిని కొంచెం మార్చితే చాలా పనికివస్తుంది. ఖాళీ కాగితానికి బదులు గీతలు గీసి తేదీ, పూట, సభ్యత్వ సంఖ్య, చీటీ సంఖ్య, విషయం, తీసుకున్న చర్య, తెలియజేసిన తేదీ అని వరుసలు పెట్టాలి. రాయలేని సభ్యుడు చెబితే పాలకవర్గ సభ్యుడొకరు రాసి, చదివి వినిపించాలి. పాలు పోసే వేళలో వారంలో రెండు పూటలు ఒకరు ఈ పని మీద కూర్చున్నా చాలును.

పెట్టె: పేరు చెప్పడానికి జంకే వారికి ఇది అవసరం. తాళపుచెవి కార్యదర్శి వద్ద కాక పాలకవర్గం నియమించిన మరొకరి వద్ద ఉండాలి. తెరిచే రోజు ముందే ప్రకటించి, ఇద్దరు సభ్యుల ఎదుట తెరవాలి. లోటు ఏమంటే, పెట్టెలో పడే కాగితంలో చీటీ సంఖ్య చాలాసార్లు ఉండదు; రాసినవారిని తిరిగి అడగలేము.

ఫోనులో గొంతుతో చెప్పడం: బటన్ల ఫోను ఉన్నా, చదువు రాకున్నా దీనిని వాడవచ్చును. సభ్యుడు ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను వచ్చి, “పాల లెక్క గురించి అయితే ఒకటి నొక్కండి, డబ్బు జమ గురించి అయితే రెండు నొక్కండి” అని తెలుగులో అడిగి, అతని మాటలను రికార్డు చేసే ఏర్పాటు ఉన్నది. ఇది ఒక్క సంఘం భరించేది కాదు. యూనియన్ స్థాయిలో అద్దెకు తీసుకోవాలి. రికార్డయిన మాటలను ఎవరో ఒకరు విని పుస్తకానికి ఎక్కించాలి. ఆ పని ఆగితే అంతా ఆగినట్లే.

సంక్షిప్త సందేశాలు: పాలు పోసిన వెంటనే లెక్క తెలపడానికి బాగున్నవి. అభిప్రాయం అడగడానికి అంత బాగుండవు. టైపు చేసి జవాబిచ్చేవారు తక్కువ. పైగా టెలికాం నియంత్రణ సంస్థ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పెద్ద సంఖ్యలో సందేశాలు పంపే సంస్థ తన పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయించుకోవాలి. దీనికి కొంత సమయం పడుతుందని గుర్తుంచుకోవాలి.

వాట్సాప్: చీటీని ఫోటో తీసి పంపడానికి, టైపు చేయకుండా గొంతుతో చెప్పడానికి దీనికి మించిన సులభ సాధనం లేదు. అయితే గుంపుగా పెట్టడం మంచిది కాదు. గుంపులో ఒకరి నంబరు అందరికీ తెలుస్తుంది. ఒకరి ఫిర్యాదు పండుగ శుభాకాంక్షల మధ్య కొట్టుకుపోతుంది. నోరున్న నలుగురు మాట్లాడితే మిగతావారు మౌనంగా చూస్తారు. సంఘం పేర ఒక నంబరు ఉంచి, సభ్యుడు విడిగా దానికే పంపే ఏర్పాటు చేయాలి. వచ్చిన ప్రతిదానినీ అదే రోజు పుస్తకంలో వరుస సంఖ్యతో రాసి, ఆ సంఖ్యను సభ్యునికి తిరిగి పంపాలి.

ఫోనులో నింపే ప్రశ్నాపత్రం: గూగుల్ ఫారమ్ వంటివి ఉచితం. తెలుగులో ప్రశ్నలు పెట్టవచ్చును. జవాబులు పట్టికగా వచ్చి పడతవి, లెక్క సులువు. కాని స్మార్ట్‌ఫోను ఉండి, లింకు తెరిచి, ఓపికగా నింపేవారు మాత్రమే దీనికి జవాబిస్తారు. అందువలన దీనిని సభ్యులకు కాక కార్యదర్శులకు, పరీక్షకులకు వాడడం మేలు. ఒక యూనియన్ పరిధిలోని సంఘాలన్నింటిలో ఏ అమరిక వలన ఎక్కువ ఇబ్బంది కలుగుతున్నదో ఒక్క పూటలో తెలుసుకోవచ్చును.

నెట్‌వర్కు లేనిచోట పనిచేసే ఫారములు: 2008లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఓ.డి.కె., ఆ బాటలో వచ్చిన కోబో టూల్‌బాక్స్ అనేవి ఇటువంటివి. సూపర్‌వైజరు తన ఫోనులో ఫారము తెరిచి, సభ్యుని ఇంటి వద్ద ప్రశ్నలు చదివి వినిపించి, జవాబులు నొక్కి, చీటీ ఫోటో తీసి దాచుకుంటాడు. నెట్‌వర్కు దొరికినప్పుడు అవి కార్యాలయానికి వెళతవి. చదువు రానివారి మాట, కేంద్రానికి రావడం మానుకున్నవారి మాట కూడా దీనివలన అందుతుంది. లోటల్లా సూపర్‌వైజరు సమయం. అందుచేత ఏడాదికి రెండుమార్లు, ఎంపిక చేసిన కొన్ని ఇళ్లకు మాత్రమే దీనిని వాడాలి. ఆ ఎంపిక సభ్యుల జాబితాలో ప్రతి పదవ పేరు అన్నట్లుగా ఉండాలే తప్ప సూపర్‌వైజరుకు పరిచయమున్న ఇళ్లు కాకూడదు.

సాఫ్ట్‌వేరులోనే ఉండే మీట: “సమస్య తెలియజేయండి” అన్న మీటను తెర మీదనే పెట్టించవచ్చును. పరీక్షకుడు దానిని నొక్కితే, ఏ తెర తెరిచి ఉన్నదో, సమయమెంతో, సాఫ్ట్‌వేరు ఏ విడతదో దానంతటదే నమోదై తయారీదారుకు వెళుతుంది. ఆధారం అడగకుండానే వస్తుంది కనుక సిబ్బందికి ఇదే అన్నింటికంటె మంచి సాధనం. కొనుగోలు ఒప్పందం రాసుకునేటప్పుడే దీనిని అడగాలి. తరువాత అడిగితే అదనపు ఖర్చు చెబుతారు.

పక్కన కూర్చుని చూడడం: ఇది యంత్రమూ కాదు, కాగితమూ కాదు, అయినా సాధనమే. పరీక్షకుడు పని చేస్తుండగా సాఫ్ట్‌వేరు నిపుణుడు అరపూట పక్కన కూర్చుని, నోరెత్తకుండా, ఎక్కడ చేయి ఆగుతున్నదో, ఎక్కడ తప్పు మీట నొక్కబడుతున్నదో రాసుకోవాలి. వాడుక సౌలభ్యంపై పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్, ఐదుగురు వాడుతుండగా గమనిస్తే వాడుకలోని ఇబ్బందులలో సుమారు 85 శాతం బయటపడతవని 2000 సంవత్సరంలో రాశారు. ఈ అంకె వాడుకలో ఇబ్బందుల వరకే వర్తిస్తుంది. సభ్యులలో ఎంతమంది తృప్తిగా ఉన్నారో ఐదుగురిని అడిగి చెప్పలేము. అయినా ఐదు కేంద్రాలలో ఐదు పూటలు కూర్చోవడం ఏ యూనియన్‌కైనా మోయలేని భారం కాదు.

సర్వసభ్య సమావేశం: నిర్ణయాలు ప్రకటించడానికి, జవాబు చెప్పడానికి ఇది సరైన వేదిక. కొత్త ఇబ్బందులు తెలుసుకోవడానికి అంత సరైనది కాదు. పదిమందిలో లేచి “నాకు చీటీ చదవడం రాదు” అని చెప్పేవారు ఉండరు.

అడిగే తీరు

సాధనం మంచిదైనా ప్రశ్న చెడితే జవాబు చెడుతుంది. “కొత్త సాఫ్ట్‌వేరు బాగున్నదా?” అని కార్యదర్శి అడిగితే, రేపు మళ్లీ అతని ముందే పాత్ర పెట్టవలసిన సభ్యుడు “బాగున్నదండీ” అంటాడు. దానికి బదులు జరిగిన పనిని గురించి అడగాలి: “నిన్న సాయంత్రం ఎన్ని లీటర్లు పోశారమ్మా? చీటీలో ఎంత ఉన్నది?”, “పోయిన పక్షం డబ్బు ఏ రోజు పడింది? ఎంత పడిందో ఎలా తెలిసింది?”, “ఫోనుకు వచ్చిన సందేశాన్ని ఎవరు చదివి చెప్పారు?” ఇటువంటి ప్రశ్నలకు మొహమాటంతో జవాబు చెప్పవలసిన అవసరం ఉండదు. జవాబులోనే లోపం బయటపడుతుంది.

ఒకసారికి ఐదారు ప్రశ్నలు మించరాదు. నలభై ప్రశ్నల పత్రం పట్టుకుని వెళితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్లు అవుతుంది. పాలు పితికే వేళ, పశువులకు మేత వేసే వేళ అడగరాదు.

అడగకూడనివి కూడా ఉన్నవి. అభిప్రాయం చెప్పడానికి ఆధార్ సంఖ్య గాని, బ్యాంకు ఖాతా సంఖ్య గాని, ఫోనుకు వచ్చే రహస్య సంఖ్య గాని అవసరం లేదు. సంఘం పేరు చెప్పి అవి అడిగేవాడు మోసగాడని సభ్యులందరికీ ముందుగానే తెలియజేయాలి. ఏ పనికి సమాచారం తీసుకున్నామో చెప్పి, ఒప్పుకోలు పొంది, ఆ పనికే వాడాలన్నది 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలోని మూలసూత్రం. మన సంఘాలకు ఇది మంచి అలవాటు కూడా.

సగటు చెప్పే అబద్ధం

కొన్ని సాధనాలు ఐదు నక్షత్రాలు చూపి, ఎన్ని ఇస్తారని అడుగుతవి. వంద మంది సభ్యులలో 90 మంది 5 నక్షత్రాలు, 10 మంది 1 నక్షత్రం ఇచ్చారనుకుందాం. సగటు 4.6 వస్తుంది. ఆ అంకె చూసి అందరూ సంతోషిస్తారు. కాని ఆ పదిమందీ ఆవుపాలు పోసేవారే అయితే? యంత్రంలో ఆవుపాల అమరిక తప్పుగా ఉన్నదని ఆ పది నక్షత్రాలూ చెబుతున్నవి. సగటు ఆ మాటను మింగివేసింది. కనుక నక్షత్రాల లెక్క కంటె, తక్కువ ఇచ్చినవారు ఎవరు, వారి మధ్య పోలిక ఏమిటి అన్నది ముందు చూడాలి. ఆవు, గేదె, ఉదయం, సాయంత్రం, పాత సభ్యులు, కొత్త సభ్యులు అని విడదీసి చూపగలిగే సాధనాన్నే ఎంచుకోవాలి.

సంఘంలో అమలు చేసే క్రమం

పైవన్నీ ఒకేసారి పెట్టుకోనక్కరలేదు. రెండు వందల మంది సభ్యులున్న సంఘానికి ఈ క్రింది ఏర్పాటు సరిపోతుంది. సభ్యులకు గీతల పుస్తకం, చీటీ ఫోటో పంపడానికి వాట్సాప్ నంబరు ఒకటి, పేరు చెప్పనివారి కోసం పెట్టె. సిబ్బందికి సాఫ్ట్‌వేరులోని మీట. ఇంటింటి ఫారము, గొంతు రికార్డు, పక్కన కూర్చుని చూడడం యూనియన్ చేపట్టవలసినవి. ఏ దారిలో వచ్చినా ప్రతి మాటా చివరకు ఒకే పుస్తకంలోకి, ఒకే వరుస సంఖ్యతో చేరాలి. ఇది అన్నింటికంటె ముఖ్యం.

నిర్ణయించే ముందు ఒక బిల్లు గడువు కాలం పరీక్షగా నడపాలి. ఆ గడువు ముగిసిన తరువాత పాలకవర్గం నాలుగు లెక్కలు చూడాలి. ఒక్కొక్క దారిలో ఎన్ని మాటలు వచ్చినవి? వాటిలో చీటీ వివరాలు ఉన్నవి ఎన్ని? స్త్రీలు చెప్పినవి ఎన్ని? గడువులోగా జవాబు వెళ్లినవి ఎన్ని? ఫిర్యాదులు ఎక్కువ వచ్చిన సాధనం చెడ్డదని, అసలు రానిది మంచిదని అనుకోరాదు. ఏమీ రాని పెట్టె గురించి ముందుగా విచారించవలసింది దాని తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదని.

జవాబు చెప్పడం

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగిన తరువాత కూడా పెట్టకపోతే బిడ్డ మళ్లీ అడగడు. అభిప్రాయ సేకరణలో ఎక్కువ సంఘాలు తప్పిపోయేది ఇక్కడే. మొదటి నెలలో వచ్చిన ఇరవై మాటలకు జవాబు లేకపోతే రెండవ నెలలో రెండే వస్తవి. అప్పుడు “సభ్యులకు ఆసక్తి లేదు” అని రాసుకోవడం న్యాయం కాదు.

పక్షానికొకసారి, బిల్లు వచ్చే రోజున నోటీసు బోర్డుపై పెద్ద అక్షరాలతో ఇన్ని ఫిర్యాదులు వచ్చినవి, ఇన్ని సవరించబడినవి, ఇన్ని తయారీదారు వద్ద ఉన్నవి, ఇవి చేయడానికి వీలుపడదు అని కారణాలతో రాయాలి. పేర్లు రాయరాదు. పాలు పోసే వేళ దానిని ఒకరు చదివి వినిపిస్తే అందరికీ చేరుతుంది. వీలుపడదన్న జవాబు కూడా సభ్యునికి గౌరవమే. తప్పు లెక్క వలన సభ్యునికి నష్టం జరిగినట్లు తేలితే, ఫిర్యాదు చేసిన ఒక్కరికే కాక, అదే తప్పు వలన నష్టపోయిన అందరికీ వచ్చే బిల్లులో సరిచేయాలి. ఒక్క చీటీతో చెప్పిన సభ్యురాలి వలన యాభై ఇళ్లకు డబ్బు తిరిగి వస్తే, ఆ తరువాత అభిప్రాయం చెప్పమని ఎవరినీ బతిమాలవలసిన అవసరం ఉండదు.

గుర్తుంచుకోవలసినవి

సభ్యునికి తగిన సాధనం వేరు, సిబ్బందికి తగినది వేరు.

తేదీ, పూట, సభ్యత్వ సంఖ్య, చీటీ సంఖ్య లేని ఫిర్యాదును నిపుణుడు పరిశీలించలేడు; ఆ నాలుగింటిని అడిగి రాసుకునే బాధ్యత సంఘానిది.

చదువు రానివారు, ఫోను చేతిలో లేనివారు, స్త్రీలు చెప్పుకోగలిగే దారి ఒకటైనా ఉండాలి.

ఫిర్యాదు ఎవరి పనిని గురించినదో వారి చేతికే అది చేరరాదు.

సాఫ్ట్‌వేరు కొనే ఒప్పందంలోనే సమస్య తెలియజేసే మీటను, సవరణకు గడువును రాయించుకోవాలి.

అన్ని దారులలో వచ్చిన మాటలూ ఒకే పుస్తకానికి ఎక్కాలి. పక్షానికొకసారి జవాబు బోర్డుపై కనబడాలి.

సహకార సంఘానికి యజమానులు సభ్యులే. ప్రతి సభ్యునికీ ఒకే ఓటు అన్నది మన ఉద్యమపు మూలసూత్రాలలో ఒకటి. ఏడాదికొకసారి చేయి ఎత్తడంతో ఆ హక్కు ముగియరాదు. ప్రతి పూటా చీటీ చేతికి వచ్చినప్పుడు, అందులోని అంకెను ప్రశ్నించే వీలు కూడా ఆ హక్కులో భాగమే. వచ్చే పాలకవర్గ సమావేశపు అంశాలలో “సభ్యుల అభిప్రాయ సేకరణ” అన్న అంశాన్ని చేర్చి, పై ఐదు ప్రశ్నలను ముందుంచుకుని, ప్రతి సంఘమూ తనకు తగిన ఏర్పాటును నిర్ణయించుకోవలసిందిగా కోరుతున్నాము.